లాప్‌టాప్‌లో ఏ పరికరాన్ని ఏ పోర్టుకు పెట్టాలి: సమగ్ర మార్గదర్శి

పాలకొల్లులో మా బావమరిది ఒక చిన్న ఫోటో స్టూడియో నడుపుతాడు. మాఘమాసంలో ముహూర్తాలు దగ్గర దగ్గరగా పడినప్పుడు రాత్రి పెళ్లి తీసి వచ్చి, తెల్లవారేలోపు వీడియోలన్నీ హార్డ్ డిస్క్‌కు ఎక్కించి, పొద్దున్నే మరో ఊరికి బయలుదేరవలసి ఉంటుంది. అలాంటి ఒక రాత్రి 64 గిగాబైట్ల వీడియో ఎక్కడానికి అరగంట పట్టడం చూసి నేను లాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి పరిశీలించాను. హార్డ్ డిస్క్ కుడివైపున్న నల్ల నాలుక (లోపలి ప్లాస్టిక్ పలక) పోర్టులో ఉంది. ఎడమవైపున్న నీలం నాలుక పోర్టులో వైర్‌లెస్ మౌస్ రిసీవర్ కూర్చుని ఉంది. రెండింటినీ మార్చి పెట్టాక, అంతే పరిమాణం గల రెండో విడత దాదాపు తొమ్మిది నిమిషాలలో ఎక్కింది. "పెడితే పట్టింది కదండీ బావగారూ, ఎక్కడైనా ఒకటే అనుకున్నాను" అన్నాడు.

చాలామంది అనుకునేది అదే. పోర్టు ఆకారం ఒక సంగతి, దాని సామర్థ్యం మరో సంగతి. పిన్ను పట్టినంత మాత్రాన ఆ పరికరానికి కావలసినదంతా అక్కడ దొరుకుతున్నట్టు కాదు. చాలా లాప్‌టాప్‌లలో మంచి పోర్టులు ఒకటో రెండో మాత్రమే ఉంటాయి కాబట్టి, వాటిని ఏ పరికరానికి ఇవ్వాలో ముందే నిర్ణయించుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో వరుసగా వివరిస్తాను.

మొదటి పని: పోర్టులను గుర్తించి కాగితం మీద వేసుకోవడం

లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, చుట్టూ టార్చి వేసి ఒక్కొక్క పోర్టునూ చూడండి. దీర్ఘచతురస్రంలా ఉండి, మనం రోజూ పెన్ డ్రైవ్ పెట్టేది యూఎస్‌బీ టైప్-ఏ. చిన్నగా, రెండు కొసలూ గుండ్రంగా ఉండి, ఎటు తిప్పి పెట్టినా పట్టేది టైప్-సీ. కింది రెండు మూలలు కోసినట్టు ఉండేది హెచ్‌డీఎంఐ. మూడు వరుసల్లో 15 రంధ్రాలు, పక్కన రెండు మరలు ఉండేది వీజీఏ. ఇంటర్నెట్ తీగ పెట్టే ల్యాన్ పోర్టు, ఇయర్‌ఫోన్ రంధ్రం, కెమెరా కార్డు దూరే సన్నని గాడి, ఛార్జర్ పెట్టే గుండ్రని రంధ్రం చెప్పకుండానే తెలుస్తాయి.

ఇక్కడ నిదానంగా చూడవలసింది టైప్-ఏ పోర్టులను. ఒకే ఆకారంలో కనీసం రెండు తరాలు మన ముందుంటాయి. 2000 సంవత్సరంలో వచ్చిన యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 వేగం సెకనుకు 5 గిగాబిట్లు, అంటే పదింతలకు పైన. పోర్టు లోపలి ప్లాస్టిక్ నాలుక నీలంగా ఉంటే అది సాధారణంగా రెండో రకం. కానీ రంగును గుడ్డిగా నమ్మకూడదు, ఎందుకంటే కొన్ని లాప్‌టాప్‌లలో అందం కోసం అన్ని నాలుకలూ నల్లగానే ఉంచుతారు. అప్పుడు పోర్టు పక్కన యూఎస్‌బీ త్రిశూలం గుర్తుతో పాటు 'ఎస్ఎస్' అనే అక్షరాలు ఉన్నాయేమో చూడాలి, లేదా టార్చి వెలుగులో పిన్నులు లెక్కపెట్టాలి: పాత రకానికి నాలుగు పిన్నులే, కొత్త రకానికి ఆ నాలుగు కాక మరో ఐదు ఉంటాయి.

పేర్ల గందరగోళం గురించి కూడా ఒక మాట చెప్పాలి. యూఎస్‌బీ 3.0, యూఎస్‌బీ 3.1 జెన్ 1, యూఎస్‌బీ 3.2 జెన్ 1 అని మూడు చోట్ల మూడు రకాలుగా రాసినా మూడూ ఒకటే. మూడింటి వేగమూ 5 గిగాబిట్లే. పెట్టె మీద 3.2 అని పెద్ద అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టవలసిన అవసరం లేదు. జెన్ 2 అని ఉంటే 10 గిగాబిట్లు.

ఇంత చూసినా సందేహం తీరకపోతే, లాప్‌టాప్ అడుగున ముద్రించిన మోడల్ నంబరును తయారీదారు వెబ్‌సైట్‌లో వెతికి, అక్కడి వివరాల పట్టికలో పోర్టుల వరుస చదవండి. దొరికిన వివరాలను ఒక కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఎడమ ఏమి, కుడి ఏమి అని రాసుకోండి. ఈ కాగితం చివరి వరకూ పనికొస్తుంది.

రెండో పని: పరికరం ఏమి అడుగుతుందో తేల్చుకోవడం

ప్రతి పరికరమూ పోర్టును మూడింటిలో ఒకటో రెండో అడుగుతుంది: కరెంటు, వేగం, బొమ్మ. మౌస్ ఈ మూడింటిలో దాదాపు ఏదీ అడగదు. హార్డ్ డిస్క్ కరెంటునూ వేగాన్నీ అడుగుతుంది. టీవీ బొమ్మనొక్కటే అడుగుతుంది. ఫోను ఛార్జింగ్‌కు కరెంటు ఒక్కటి చాలు. మీ దగ్గరున్న పరికరాలన్నిటినీ కాగితం మీద రాసి, ప్రతిదాని ఎదురుగా అది అడిగేదేమిటో రాయండి. ఎక్కువ అడిగేవాటికి ముందు చోటు చూపించి, ఏమీ అడగనివాటిని మిగిలిన పోర్టులకు పంపడమే ఇక్కడి లెక్క.

మూడో పని: హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ, పెన్ డ్రైవ్, కెమెరా కార్డు

మంచి పోర్టు మీద మొదటి హక్కు వీటిదే. యూఎస్‌బీ 2.0 పోర్టు కాగితం మీద 480 మెగాబిట్లన్నా, నిజంగా ఫైళ్లు కదిలేది సెకనుకు 30 నుంచి 40 మెగాబైట్ల మధ్యే. ఎనిమిది బిట్లు ఒక బైటు కావడం ఒక కారణం, రాకపోకల లెక్కలకే కొంత పోవడం మరో కారణం. జేబులో పట్టే తిరుగుడు హార్డ్ డిస్క్ సెకనుకు 100 మెగాబైట్ల పైన రాయగలదు. దాన్ని పాత పోర్టులో పెడితే మూడింట రెండు వంతుల సత్తా వృథా. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పలక లేకుండా చిప్‌ల మీదే దాచే డిస్క్) అయితే సెకనుకు 400 మెగాబైట్ల దాకా కూడా అందుకోగలదు కాబట్టి నష్టం ఇంకా ఎక్కువ.

వేగం కంటే ముఖ్యమైనది కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ యాంపియర్లు ఇస్తుంది, 3.0 పోర్టు 900 ఇస్తుంది. తిరుగుడు డిస్క్ మొదట కదలడానికే ఎక్కువ కరెంటు లాగుతుంది. అది చాలనప్పుడు లోపల 'టిక్, టిక్' మని చప్పుడు వస్తూ, డిస్క్ కనిపించి మాయమవుతూ ఉంటుంది. ఆ చప్పుడు వినగానే డిస్క్ పాడైందని హడలిపోకుండా, ముందు నీలం పోర్టులో నేరుగా పెట్టి చూడండి. అక్కడ కూడా అదే చప్పుడు వస్తే అప్పుడు నిజంగానే భయపడాలి. వెంటనే ఆపి, మళ్లీ మళ్లీ పెట్టి తీయకుండా జాగ్రత్త చేయాలి.

పెట్టే తీరు కూడా లెక్కలోకి వస్తుందని చాలామందికి తెలియదు. టైప్-ఏ ప్లగ్గులో పాత నాలుగు పిన్నులు ముందుంటాయి, కొత్త ఐదు లోపల ఉంటాయి. ప్లగ్గును మరీ మెల్లగా తోస్తే ముందు నాలుగే తగిలి, లాప్‌టాప్ దాన్ని పాత రకంగా గుర్తించి, ఆ నెమ్మది వేగంలోనే ఉండిపోవచ్చు. కాబట్టి నీలం పోర్టులో పెట్టినా నిదానంగా నడుస్తుంటే, డిస్క్‌ను సరైన పద్ధతిలో ఎజెక్ట్ చేసి, బయటికి తీసి, ఒక్క ఊపులో తిన్నగా లోపలికి తోయండి. ఆ తర్వాత ఒక పెద్ద వీడియో కాపీ చేస్తూ, విండోస్ చూపించే కిటికీలో సెకనుకు ఎన్ని మెగాబైట్లు కదులుతున్నాయో చదవండి. 40 దాటకుండా అక్కడే ఆగిపోతే పాత దారిలో ఉన్నట్టే. పెన్ డ్రైవ్‌లకు మాత్రం ఈ పరీక్ష అన్నివేళలా వర్తించదు. చవక పెన్ డ్రైవ్‌లు ఏ పోర్టులో పెట్టినా తమ సొంత నిదానంతోనే రాస్తాయి.

కెమెరా కార్డు విషయంలో లాప్‌టాప్ సొంత గాడి మీద ఆశ పెట్టుకోకండి. తక్కువ ధర లాప్‌టాప్‌లలో ఆ గాడిని లోపల యూఎస్‌బీ 2.0 తోనే కలిపి ఉంచడం తరచుగా కనిపిస్తుంది. నీలం పోర్టులో పెట్టే విడి కార్డ్ రీడర్ కొనుక్కోవడం, రోజూ పెళ్లిళ్లు తీసేవారికి నిస్సందేహంగా దండగ కాని ఖర్చు.

నాలుగో పని: తక్కువ అడిగే పరికరాలు

మౌస్, కీబోర్డు, ప్రింటర్, వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్, బిల్లులు కొట్టే చిన్న థర్మల్ ప్రింటర్ అన్నీ యూఎస్‌బీ 2.0 పోర్టుకు చక్కగా సరిపోతాయి. ప్రింటర్ తీగ మరీ పొడవైనది కొనకండి, యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు 5 మీటర్లే హద్దు. వేలిముద్ర యంత్రాన్నీ, సంతకం టోకెన్‌నూ మాత్రం హబ్ (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే చిన్న పెట్టె) ద్వారా కాకుండా లాప్‌టాప్‌కు నేరుగా పెట్టాలని గట్టిగా చెబుతాను. పింఛను కోసం వచ్చిన ముసలమ్మ ఐదుసార్లు వేలు పెట్టినా పడకపోతే ఆమె వేలి గీతలు అరిగాయనే అనుకుంటాం. ఒక్కోసారి హబ్‌లో కరెంటు చాలక యంత్రం మధ్యలో ఆగిపోవడం కూడా కారణమవుతుంది.

వైర్‌లెస్ మౌస్ రిసీవర్‌కు ఇంకో ప్రత్యేక నియమం ఉంది. అది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తుంది, యూఎస్‌బీ 3.0 పోర్టు, కేబుల్ పనిచేస్తున్నప్పుడు సరిగ్గా ఆ పరిధిలోనే రేడియో రొద పుడుతుంది. నీలం పోర్టులో హార్డ్ డిస్క్ తిరుగుతూ ఉండగా, పక్క పోర్టులోనే రిసీవర్ ఉంటే మౌస్ బాణం ఆగి ఆగి గెంతుతుంది. బ్యాటరీలు మార్చి, మౌస్ మార్చి విసిగిపోయినవారిని ఎందరినో చూశాను. రిసీవర్‌ను లాప్‌టాప్ అవతలి వైపు పెట్టడం, అది కుదరకపోతే జానెడు ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరపడం చాలు.

ఐదో పని: టైప్-సీని అర్థం చేసుకోవడం

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, ఎందుకంటే 2014లో వచ్చిన ఈ చిన్న రంధ్రం ఆకారం పేరు మాత్రమే. అది ఏ పనులు చేస్తుందో ఆ పేరు చెప్పదు. ఒక లాప్‌టాప్‌లో టైప్-సీ ఫైళ్లు మాత్రమే మోస్తుంది. మరొకదానిలో దాని ద్వారానే లాప్‌టాప్ ఛార్జ్ అవుతుంది. ఇంకొకదానిలో అదే రంధ్రం నుంచి టీవీకి బొమ్మ కూడా వెళుతుంది. ఒకే లాప్‌టాప్‌లో రెండు టైప్-సీలు ఉండి, రెండింటి సామర్థ్యం వేరువేరు కావడం కూడా మామూలే.

గుర్తులు ఇలా చదవండి. పక్కన బ్యాటరీ లేదా ప్లగ్గు బొమ్మ ఉంటే ఛార్జింగ్‌కు సంబంధించినది. 'డీ' అక్షరంలో 'పీ' ఇమిడినట్టున్న గుర్తు ఉంటే అది డిస్‌ప్లేపోర్ట్, అంటే బొమ్మ వెళుతుంది. బాణంలా వంగిన మెరుపు గుర్తు ఉంటే సాధారణంగా థండర్‌బోల్ట్. 2015లో వచ్చిన థండర్‌బోల్ట్ 3 నుంచి ఆ పోర్టు సెకనుకు 40 గిగాబిట్ల దాకా మోయగలదు, బొమ్మా కరెంటూ కూడా ఇస్తుంది. ఏ గుర్తూ లేకపోతే మోడల్ నంబరు వెతకడమే దారి.

ఛార్జింగ్ విషయంలో ఒక భయాన్ని ముందు తీర్చాలి. నాణ్యమైన టైప్-సీ ఛార్జర్ మొదట 5 వోల్టులే ఇస్తుంది; లాప్‌టాప్‌తో మాట్లాడుకుని, అది అడిగితేనే 20 వోల్టుల దాకా పెంచుతుంది. కాబట్టి ఫోను ఛార్జర్ పెడితే లాప్‌టాప్ కాలిపోదు, కాకపోతే సరిగ్గా ఎక్కదు: 65 వాట్లు అడిగే లాప్‌టాప్‌కు 25 వాట్ల ఛార్జర్ పెడితే, పని చేస్తూ ఉండగా బ్యాటరీ తగ్గిపోతూ కూడా ఉండవచ్చు. గుండ్రని పిన్ను ఛార్జర్లకు మాత్రం ఈ మాటామంతీ ఉండదు. 19 వోల్టులదీ, 20 వోల్టులదీ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి, పక్కింటివారి గుండ్రని పిన్ను ఛార్జర్‌ను పట్టింది కదా అని ఎప్పుడూ పెట్టకండి.

కేబుల్ కూడా పోర్టులో భాగమే అనుకోవాలి. మామూలు టైప్-సీ కేబుల్ 3 యాంపియర్లు, అంటే 60 వాట్ల వరకు మోస్తుంది. అంతకు మించితే లోపల చిప్ ఉన్న 5 యాంపియర్ల కేబుల్ కావాలి. ఇంకో సంగతి నేను స్వయంగా నష్టపోయి తెలుసుకున్నాను. కొత్త ఎస్‌ఎస్‌డీకి వచ్చిన పొట్టి కేబుల్ ఎక్కడో పెట్టి మరచిపోయి, ఫోనుతో వచ్చిన తెల్ల కేబుల్ తగిలించి, నెల రోజులు అది సెకనుకు 35 మెగాబైట్ల దగ్గర కుంటుతుంటే ఎస్‌ఎస్‌డీదే లోపమనుకున్నాను. ఫోనుతో వచ్చే ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ కేబుల్‌ను ఎస్‌ఎస్‌డీతోనే రబ్బరు బ్యాండు వేసి ఉంచండి.

ఆరో పని: టీవీ, మానిటర్, ప్రొజెక్టర్

హెచ్‌డీఎంఐ ఉంటే ఆలోచించకుండా దానికే పెట్టండి. బొమ్మా శబ్దమూ ఒకే తీగలో వెళతాయి. 4కే టీవీ ఉన్నవారు మాత్రం ఒకటి గమనించాలి: లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ 1.4 రకమైతే 4కే బొమ్మ సెకనుకు 30 సార్లు మాత్రమే మారుతుంది, మౌస్ బాణం బరువుగా ఈడ్చినట్టు కదులుతుంది. 2.0 రకమైతే 60 సార్లు. బొమ్మ వెళ్లే టైప్-సీ కూడా ఉంటే దాని నుంచి ప్రయత్నించండి, లేదా తెరను ఫుల్ హెచ్‌డీకి తగ్గించుకోండి.

ఊళ్లలోని బడులలో, కల్యాణ మండపాలలో ఇంకా వీజీఏ మాత్రమే ఉన్న ప్రొజెక్టర్లు కనిపిస్తాయి. వీజీఏ 1987 నాటిది, అది శబ్దాన్ని మోయదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న కన్వర్టర్ కొనేటప్పుడు, అది ఒక దిశలోనే పనిచేస్తుందని గుర్తుంచుకుని దుకాణంలో 'లాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ, ప్రొజెక్టర్‌లో వీజీఏ' అని స్పష్టంగా అడగండి. శబ్దాన్ని ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి విడి తీగతో మైకు సెట్టుకు ఇవ్వాలి. తీగలన్నీ పెట్టాక కూడా తెర మీద ఏమీ రాకపోతే, విండోస్ గుర్తు మీటతో పాటు 'పీ' మీట నొక్కి 'డూప్లికేట్' ఎంచుకోండి.

ఏడో పని: ఇంటర్నెట్ తీగ

ల్యాన్ పోర్టు ఉంటే నేరుగా దానికే. లేకపోతే యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్‌ను నీలం పోర్టులో పెట్టాలి. గిగాబిట్ అడాప్టర్‌ను పాత పోర్టులో పెడితే సగం వేగమైనా రాదు. తీగ క్యాట్ 5ఈ (ల్యాన్ తీగల తరగతి పేరు) గానీ అంతకు పైది గానీ అయి, లోపలి నాలుగు జతలూ బాగుంటేనే గిగాబిట్ వస్తుంది. విండోస్ నెట్‌వర్క్ వివరాలలో 1000కి బదులు 100 కనిపిస్తే ముందు తీగ కొసలను అనుమానించండి.

ఎనిమిదో పని: హబ్ పెట్టాలా, వద్దా

డెల్టా రైతుకు హబ్ గురించి చెప్పడం చాలా తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఎంత నీరున్నా, మన చేలోకి వచ్చేది బోదె తూము ఎంత ఉంటే అంతే. అదే తూము మీద నలుగురి చేలు ఉంటే దాళ్వాలో వంతులు వేసుకోవలసిందే. హబ్ కూడా ఒక్క తూమే. దానికి నాలుగు రంధ్రాలున్నా, లాప్‌టాప్ నుంచి వచ్చే 900 మిల్లీ యాంపియర్లనూ 5 గిగాబిట్లనూ ఆ నాలుగూ పంచుకోవాలి. మౌస్, కీబోర్డు, ప్రింటర్ కలిసి ఒక హబ్ మీద హాయిగా బతుకుతాయి. రెండు హార్డ్ డిస్క్‌లు బతకవు. రెండు డిస్క్‌లు పెట్టక తప్పకపోతే గోడకు విడిగా ప్లగ్గు పెట్టుకునే అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోండి.

మరో జాగ్రత్త కరెంటు పోయే వేళలకు సంబంధించినది. లాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంది కాబట్టి, లాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకునే డిస్క్ ఆగదు. గోడ కరెంటు మీద నడిచే హబ్ మాత్రం, ఇన్వర్టర్ లేని ఇంట్లో కరెంటు పోగానే ఆగి, కాపీ మధ్యలో డిస్క్‌ను తెంపేస్తుంది. గాలివాన రోజుల్లో ముఖ్యమైన కాపీలు నేరుగా పెట్టిన డిస్క్ మీదే చేయండి.

తొమ్మిదో పని: తేమ నుంచి పోర్టులను కాపాడుకోవడం

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఉప్పు తేమకు లోహపు పిన్నుల మీద పచ్చని చిలుము పడుతుంది. మా బంధువుల లాప్‌టాప్‌లో ఏడాదిగా వాడని హెచ్‌డీఎంఐ పోర్టులో పిన్నుల కొనలు పాచి పట్టినట్టు కనిపించాయి. రోజూ వాడే యూఎస్‌బీ మాత్రం తళతళలాడుతూ ఉంది. వాడని పోర్టులకు దుకాణాలలో దొరికే రబ్బరు మూతలు పెట్టండి. అనుమానం వస్తే లాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన మెత్తని చిన్న బ్రష్షుతో తుడిచి, పూర్తిగా ఆరాక వాడండి. గుండుసూది, చీపురుపుల్ల లోపల పెట్టి గోకకండి, కొబ్బరినూనె అసలే వద్దు. టైప్-సీ వదులుగా ఉందనిపిస్తే చాలాసార్లు లోపల చేరిన దూదిపోగులే కారణం.

చివరి పని: కాగితం మీది లెక్కను బల్ల మీదికి తేవడం

ఒక రైసు మిల్లు గుమాస్తా గారి బల్లను ఉదాహరణగా తీసుకుందాం. లాప్‌టాప్‌లో నీలం టైప్-ఏ ఒకటి, నల్ల టైప్-ఏ ఒకటి, ఛార్జింగ్ చేయగల టైప్-సీ ఒకటి, హెచ్‌డీఎంఐ ఒకటి, గుండ్రని ఛార్జర్ రంధ్రం ఉన్నాయి. పరికరాలు ఆరు: హార్డ్ డిస్క్, మౌస్, బిల్లుల ప్రింటర్, సంతకం టోకెన్, మానిటర్, ఇంటర్నెట్ తీగ. మానిటర్ హెచ్‌డీఎంఐకి వెళుతుంది. ఛార్జింగ్‌ను గుండ్రని పిన్నుకే వదిలేస్తే టైప్-సీ ఖాళీ అవుతుంది. అందులో టైప్-సీ ల్యాన్ అడాప్టర్ పెడతాం. నల్ల పోర్టుకు చిన్న హబ్ తగిలించి మౌస్‌నూ ప్రింటర్‌నూ దాని మీద ఉంచుతాం. హార్డ్ డిస్క్ వారానికి ఒకసారి నకలు తీయడానికే కావాలి, సంతకం టోకెన్ రిటర్నులు వేసే రోజునే కావాలి. రెండూ ఒకేసారి అవసరం పడవు కాబట్టి నీలం పోర్టును ఆ రెండింటికీ వంతులవారీగా ఉంచుతాం.

ఇలా తేలాక ప్రతి పోర్టు ఎదురుగా లాప్‌టాప్ అంచు మీద చిన్న తెల్ల పట్టీ అంటించి, దాని మీద పరికరం పేరు తెలుగులో రాసి, పైన సెల్లోటేపు వేయండి. ప్రతి కేబుల్ కొసకూ అదే పేరు కట్టండి. గాలి బయటికి వచ్చే సందుల మీద మాత్రం పట్టీ పడకుండా చూడండి.